మదరాసు మీటరుగేజి విద్యుత్ రైళ్లు

తెలుగుదేశము నుండి వచ్చి మదరాసు సెంట్రలు స్టేషనులో దిగినవారు, నగరములోని తమవారి యిండ్లకు చేరుటకు, ఒకప్పుడు చేయుచుండిన మొదటి పని యొకటి కలదు. పెట్టెబేడలతో వెలుపలికి వచ్చి, ఎదుటి రాజవీథిని దాటి, పార్కు స్టేషనునకు నడచెడివారు. అచట టిక్కెట్టు కొని నిలుచున్న కొలది నిమిషములకే, పొగ గాని ఆవిరి గాని లేక, తలపైని తీగెను తాకుచు, ఒక సన్నని రైలుబండి వచ్చి ఆగెడిది. దాని నెక్కినచో నుంగంబాకము, కోడంబాకము, మాంబళము, సైదాపేట, గిండీ, పల్లావరము, కడపట తాంబరము. 1931లో మొదలైన ఈ మీటరుగేజి విద్యుత్ రైళ్లు 2004లో విశ్రమించినవి. డెబ్బదిమూడేండ్ల పాటు లక్షల కొలది జనమును పనికి గొనిపోయి, సాయంకాలమునకు ఇల్లు చేర్చిన ఆ బండ్ల స్వరూపమేమి? అవి ఎట్లు నడచెడివి? చెడిపోయి ఆగినవా, లేక మఱేదైన కారణమున తొలగింపబడినవా? ఈ ప్రశ్నలకు సమాధానమును తెలిసికొనుట, ఒక యంత్రము కథను మాత్రమే కాక, ఒక నగరము పెరిగిన తీరును గూడ తెలిసికొనుట యగును.

మొదట గేజి యననేమో చెప్పవలెను. రెండు పట్టాల లోపలి అంచుల నడుమ నుండు దూరమునకు గేజి యని పేరు. భారతదేశమున రైలుమార్గములు తొలుత వేయబడినప్పుడు ఐదడుగుల ఆరంగుళముల దూరమును, అనగా 1676 మిల్లీమీటరులను, ప్రమాణముగా గైకొనిరి. దీనినే మనము బ్రాడ్ గేజి యందుము. ఇది బలమైనదే గాని ఖర్చు హెచ్చు. వెడల్పు పట్టాలకు పొడవైన స్లీపర్లు, పెద్ద వంతెనలు, విశాలమైన కట్టలు కావలెను. 1870 ప్రాంతమున, మేయో ప్రభువు వైస్రాయిగా నున్న కాలమున, పొదుపు కోరి సన్నని మార్గముల నిర్మించుటకు నిర్ణయమైనది. మీటరు కొలత ఈ దేశమున త్వరలోనే అమలునకు వచ్చునని యానాటి పాలకులు తలచిరి. కావున క్రొత్త గేజిని సరిగా ఒక మీటరుగా నుంచిరి. మీటరు కొలతలు మన బజారులకు వచ్చుటకు మఱి తొమ్మిది దశాబ్దములు పట్టినది గాని, మీటరుగేజి పట్టాలు మాత్రము దేశమంతటను వేల మైళ్లు వ్యాపించినవి.

మదరాసు నగరమున ఈ రెండు గేజిలును ఎదురుపడినవి. బెజవాడ వైపునకును బొంబాయి వైపునకును పోవు మార్గములు బ్రాడ్ గేజివి. అవి మదరాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే వారివి. వానికి సెంట్రలు స్టేషను స్థానము. తిరుచినాపల్లి, మధుర, ధనుష్కోటి వైపు పోవు మార్గములు మీటరుగేజివి. అవి సౌత్ ఇండియన్ రైల్వే వారివి. వానికి 1908లో తెరువబడిన ఎగ్మూరు స్టేషను స్థానము. ఒక గేజి బండి రెండవ గేజి పట్టాలపై నడువజాలదు. బెజవాడ నుండి వచ్చిన ధాన్యము తంజావూరునకు పోవలెనన్నచో, ఒక బండి నుండి దింపి రెండవ బండిలోని కెత్తవలసినదే. ఈ భేదమే చివరకు మన కథానాయకుని కాలము తీర్చినది. ఆ సంగతికి ముందు బోవుదము.

ఇరువదవ శతాబ్దము మూడవ దశకమున మదరాసు దక్షిణముగా పెరుగజొచ్చినది. అప్పటివరకు ఉద్యోగములన్నియు ఉత్తరముననే యుండెడివి. హార్బరు, హైకోర్టు, పారీసు కార్నరు వర్తక సంస్థలు, సెంట్ జార్జి కోటలోని ప్రభుత్వ కార్యాలయములు ఒకదాని కొకటి సమీపమున నున్నవి. ఆంధ్రపత్రిక కార్యాలయము గూడ ఆ ప్రాంతముననే, తంబుచెట్టి వీథిలో నుండెను. జార్జిటవునులోని ఇండ్లు ఇరుకైనవి. అదే దశకమున మాంబళము ప్రక్క నున్న పెద్ద చెఱువును పూడ్చి క్రొత్త పేటను నిర్మించిరి. దానికి తెలుగువాడైన పిట్టి త్యాగరాయశెట్టి గారి పేరిట త్యాగరాయనగర మని పేరు పెట్టిరి. దాని నడుమ నున్న ఉద్యానవనమునకు మఱియొక తెలుగు ప్రముఖుడైన పానగల్లు రాజాగారి పేరు వచ్చినది. విశాలమైన వీథులు, చెట్లు, స్వచ్ఛమైన గాలి గల ఈ పేటలో కాపురముండి, పది కిలోమీటరుల దూరమున నున్న కచ్చేరికి ప్రతిదినము వేళకు చేరుట యెట్లు? ఇదియే యానాటి గృహస్థుని సమస్య.

ఆవిరి యింజనుతో ఈ సమస్య తీరదు. ఆవిరిబండి దూరప్రయాణమునకు మంచిదే. ఒకసారి వేగమందుకొన్న పిదప చక్కగా నడచును. కాని స్థానిక ప్రయాణమున రెండేసి కిలోమీటరులకొక స్టేషను వచ్చును. వేగమందుకొనులోపలనే ఆగవలసి యుండును. బండి చివరి స్టేషను చేరిన తరువాత ఇంజనును విడదీసి, ప్రక్కదారిన త్రిప్పి, రెండవ కొనకు తగిలింపవలెను. బొగ్గు పోయవలెను, నీరు పట్టవలెను, బూడిద తీయవలెను. ఈ లోపల వెనుక బండి వచ్చి నిలుచును. స్థానిక ప్రయాణమునకు కావలసినది మహావేగము కాదు. ఆగిన చోటు నుండి చురుకుగా కదలుటయు, కొన చేరిన వెంటనే వెనుకకు మరలుటయు.

ఈ రెండు గుణములును గల బండిని సాధ్యము చేసినవాడు ఫ్రాంక్ స్ప్రేగ్ అను అమెరికా దేశపు ఇంజనీరు. 1897లో చికాగో నగరమున అతడు ఒక విధానమును నిరూపించెను. దాని సారమిది: బండి కంతటికిని ఒకే యింజను ఉండనక్కరలేదు. కొన్ని పెట్టెల క్రింద, చక్రముల యిరుసుల వద్ద, విద్యుత్ మోటార్ల నమర్పవచ్చును. బండి పొడవునను సన్నని తీగెలను సాగదీసి, ముందు గదిలో కూర్చున్న డ్రైవరు ఒక్క పిడిని త్రిప్పినంతనే అన్ని పెట్టెలలోని మోటార్లును ఏకకాలమున పనిచేయునట్లు చేయవచ్చును. ఎన్ని జట్లను కలిపినను ఆ ఒక్క పిడియే చాలును. బండి రెండు కొనలయందును డ్రైవరు గదు లుండుటచే, చివరి స్టేషనులో డ్రైవరు ఈ కొన నుండి ఆ కొనకు నడచిపోయినచో చాలును; బండి వెనుదిరిగినట్లే. నేడు బొంబాయి, కలకత్తా, హైదరాబాదు నగరములలో నడచు స్థానిక విద్యుత్ రైళ్లన్నియు ఈ సూత్రము ననుసరించినవే.

మన దేశమున మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయి విక్టోరియా టెర్మినసు నుండి కుర్లాకు నడచెను. 1928 జనవరిలో బొంబాయి నగరమునందే రెండవ రైల్వే కంపెనీ గూడ తన స్థానిక మార్గమున విద్యుత్తును ప్రవేశపెట్టెను. మూడవ స్థానము మదరాసుది. సౌత్ ఇండియన్ రైల్వే వారు 1928 ప్రాంతమున పని మొదలిడి, బీచి స్టేషను నుండి తాంబరము వరకు, సుమారు 29 కిలోమీటరుల దూరము, స్థానిక బండ్లకు ప్రత్యేకమైన జంట పట్టాలను సిద్ధపరచిరి. 1931 మే నెలలో ప్రజలకు ఈ సౌకర్యము లభించినది. విద్యుత్తుతో నడచు వాహనము మదరాసు వారికి క్రొత్త కాదు. 1895లోనే ఆ నగరమున విద్యుత్ ట్రాములు నడచినవి. దేశమున అవియే మొదటివి. అవి 1953 వరకు వీథులలో నడచి నిలిచిపోయినవి. కాని ట్రాము వీథి జనముతో పాటు మెల్లగా నడచునది. విద్యుత్ రైలునకు తన దారి తనకే కలదు. మీటరుగేజిపై విద్యుత్ బండి నడచుట భారతదేశమున ఇదియే ప్రథమము.

ఇక ఆ తొలి బండ్లు పనిచేసిన విధము. తలపైనున్న రాగితీగెలో 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి. ప్రవహించుచుండెడిది. బండి కప్పుపై నుండు చట్రమొకటి స్ప్రింగుల బలమున పైకి లేచి, తీగెను ఒరసికొనుచు, విద్యుత్తును క్రిందికి దించును. దానిని పాంటోగ్రా ఫందురు. ఆ విద్యుత్తు మోటార్లను త్రిప్పి, పట్టాల ద్వారా తిరిగి సబ్‌స్టేషనునకు చేరును. ఇందొక చిక్కు కలదు. నిలిచియున్న మోటారునకు పూర్తి వోల్టేజి నొక్కసారిగా ఇచ్చినచో, విపరీతమైన ప్రవాహము చొచ్చి మోటారు కాలిపోవును. కావున మొదట దారిలో ఇనుపచట్రముల వంటి నిరోధకముల నడ్డముంచి, బండి వేగమందుకొన్న కొలది వానిని ఒక్కొక్కటిగా తొలగింతురు. అంతేకాక, కదలునప్పుడు మోటార్లను ఒకదాని వెనుక నొకటిగా కలుపుదురు. అప్పుడు ఒక్కొక్కదానికి వోల్టేజిలో కొంత భాగమే అందును. తరువాత వానిని ప్రక్కప్రక్కల కలుపుదురు. అప్పుడు వేగము హెచ్చును. స్టేషను విడిచిన బండిలో కూర్చున్నవారికి క్రింద టక్కు టక్కు మను చప్పుళ్లును, వానితోపాటు మెల్లని తోపులును తెలియుచుండుట కిదియే కారణము. నిరోధకములలో పోవు శక్తి యంతయు వేడిమియై గాలిలో కలియును, అది నష్టమే. ఐనను ఆ కాలమున ఇంతకంటె నమ్మకమైన పద్ధతి లేదు.

రేడియో గల గృహములవారికి ఇట్టి బండ్లతో మఱియొక పరిచయము గూడ కలదు. పాంటోగ్రాఫు తీగెను ఒరయుచు పోవునప్పుడు అక్కడక్కడ స్పర్శ తప్పి నీలపు మెరుపు పుట్టును. ప్రతి మెరుపును ఒక చిన్న ప్రసారకేంద్రము వంటిదే. అది నలుదిక్కులకును విద్యుత్తరంగములను వెదజల్లును. మీడియం వేవు రేడియో ఆ తరంగములను గూడ అందుకొని గరగరమను ధ్వనిగా వినిపించును. పాటకచేరి నడుమ అట్టి గరగర వినబడినప్పుడు, రైలుమార్గము ప్రక్కనున్న యింటివారు రేడియోను నిందింపక, పోవు బండిని తలచుకొనవలెను.

ఈ బండి నగరమునకు చేసిన మేలును లెక్కించుటకు స్టేషనుల వరుసను చూచినచో చాలును. కోట స్టేషనులో ప్రభుత్వోద్యోగులు, హైకోర్టు వకీళ్లు దిగుదురు. ఎగ్మూరులో దూరపు రైళ్లకు మారువారు దిగుదురు. 1938లో ఆకాశవాణి మదరాసు కేంద్రము మొదలైనది గూడ ఎగ్మూరు ప్రాంతముననే. నుంగంబాకము వద్ద లయోలా కళాశాల, గిండీ వద్ద ఇంజనీరింగు కళాశాల కలవు. క్రోంపేట అను పేరే అచటి క్రోము తోళ్ల కర్మాగారమును బట్టి వచ్చినది. 1928లో స్థాపింపబడిన క్షయరోగుల ఆరోగ్యశాలను బట్టి ఒక స్టేషనునకు తాంబరము శానిటోరియ మని పేరు. నగరపు గాలికి దూరముగా చికిత్స పొందు రోగిని చూచివచ్చుటకు బంధువులకు ఈ బండియే ఆధారము. విద్యుత్ రైలు వచ్చిన ఆరేండ్లకు, 1937లో, మదరాసు క్రైస్తవ కళాశాల తన చిరకాల స్థానమగు జార్జిటవునును విడిచి తాంబరమునకు తరలిపోయెను. అంతదూరమునకు ఒక పెద్ద కళాశాల పోగలిగిన దనగా, విద్యార్థి ప్రతిదినము అచటికి చేరగలడను ధైర్యమున్నట్లే గదా.

ఇక కోడంబాకము. తెలుగువారికి ఆ పేరు సినిమాకు పర్యాయపదము. అచటికి సమీపమున వడపళనిలో వాహినీ స్టూడియో వెలసినది. దాని చుట్టును మఱికొన్ని స్టూడియోలు పెరిగినవి. తారల కార్లు ఆ స్టేషను ప్రక్కనున్న లెవెల్ క్రాసింగు గేటు వద్ద ఆగి, ఈ బండి పోవువరకు వేచియుండెడివి. ఆ కార్లను గూర్చిన కథలు పెక్కు విన్నాము. కాని అదే సమయమున గేటు లోపలనుండి పోవుచుండిన బండిలో ఎవరుండిరి? వేషము కొఱకు వచ్చిన గుంటూరు, కృష్ణా మండలముల యువకులు, వాద్యగోష్ఠులలో వాయించువారు, లేఖకులు, కుట్టుపనివారు, జూనియరు నటీమణులు. వీరికి కార్లు లేవు. నెలకొకసారి సీజను టిక్కెట్టునకు డబ్బు దాచుకొన్నచో, ఏ పేటలో అద్దె తక్కువయో ఆ పేటలో నుండి, ఏ స్టూడియోలో పని దొరకిన అచటికి పోగలుగుచుండిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, రాజధాని కర్నూలునకు పోయినప్పుడు తెలుగు ఉద్యోగులు పెక్కురు మదరాసును విడిచిరి. ఐనను చలనచిత్రములవారు, పత్రికలవారు, వర్తకులు మఱి కొన్ని దశాబ్దములు అచటనే నిలిచిరి. వారి దినచర్యలో ఈ బండి యొక భాగము.

మొదటి తరపు బండ్లు సుమారు మూడున్నర దశాబ్దములు నడచినవి. 1960 దశకమున వానికి బదులు రెండవ తరము వచ్చినది. మార్పునకు కారణమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. విద్యుత్ శక్తి యనునది వోల్టేజిని ప్రవాహముతో హెచ్చింపగా వచ్చునది. ఒక బండికి 600 కిలోవాట్ల శక్తి కావలెననుకొందము. 1500 వోల్టుల తీగె నుండి దానిని తీసికొన్నచో 400 ఆంపియరుల ప్రవాహము కావలెను. 25,000 వోల్టుల తీగె నుండి తీసికొన్నచో 24 ఆంపియరులే చాలును. తీగెలో వేడిమిగా నష్టమగు శక్తి, ప్రవాహపు వర్గము ననుసరించి యుండును. కావున ఒకే తీగెలో ఈ నష్టము సుమారు 278వ వంతునకు తగ్గును. తీగె సన్నగా నుండవచ్చును. సబ్‌స్టేషనులు కొలది కిలోమీటరులకొకటి గాక, ఎంతో దూరమునకొకటి యుండవచ్చును. భారతీయ రైల్వేలు 1957లో ఈ 25,000 వోల్టుల ప్రత్యావర్తి విద్యుత్తును, అనగా ఎ.సి. పద్ధతిని, దేశమునకు ప్రమాణముగా గైకొన్నవి.

హెచ్చు వోల్టేజి నేరుగా మోటారునకు పనికిరాదు. అందుచే బండి పెట్టెలోనే ఒక ట్రాన్స్‌ఫార్మరు నుంచుదురు. పాత వాల్వు రేడియోలో గోడ నుండి వచ్చు 230 వోల్టులను లోపలి భాగములకు కావలసిన విధముగా హెచ్చించుటకును తగ్గించుటకును ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉండెడిది; తరువాత రెక్టిఫయరు ఆ ఎ.సి.ని డి.సి.గా మార్చెడిది. విద్యుత్ రైలుపెట్టెలో జరుగునది సరిగా అదియే; పరిమాణము మాత్రము హెచ్చు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించును, రెక్టిఫయరు దానిని ఏకముఖముగా చేయును, మోటారు తిరుగును. వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరు వద్దనే మెట్లుమెట్లుగా హెచ్చింపవచ్చును గనుక, బండి కదలునప్పుడు నిరోధకములలో శక్తిని తగులబెట్టవలసిన పని లేదు.

మదరాసులో ఈ మార్పు తాంబరమునకు దక్షిణమున మొదలైనది. అచటి నుండి విల్లుపురము వరకు క్రొత్తగా 25,000 వోల్టుల తీగెలు సాగినవి. జపాను నుండి మీటరుగేజి విద్యుత్ ఇంజనులు తెప్పింపబడినవి. 1960 దశకము ముగియులోపల బీచి, తాంబరముల నడుమ పాత డి.సి. మార్గము గూడ ఎ.సి.కి మారెను. 1931 నాటి బండ్లు అంతటితో పనికిరానివైనవి. వాని స్థానమున నగరములోనే పెరంబూరులో 1955లో స్థాపింపబడిన ఇంటిగ్రల్ కోచి ఫ్యాక్టరీవారు నిర్మించిన క్రొత్త మీటరుగేజి బండ్లు వచ్చినవి. మొదటి తరము విదేశీయము. రెండవ తరము ఆ యూరి చేతిపనియే.

ఇచ్చట ఒక విశేషమును గుర్తింపవలెను. దేశమున మీటరుగేజి మార్గములు వేల కిలోమీటరు లున్నను, విద్యుత్తు అమర్పబడినది బీచి నుండి విల్లుపురము వరకు గల ఈ ఒక్క భాగముననే. కావున ఈ జాతి బండ్లు మఱియెచ్చటను లేవు. ఇది గర్వకారణమే గాని, బలహీనత గూడ. బొంబాయి బండికి ఒక భాగము చెడినచో, అట్టివి వందలు తయారగుచుండును గనుక సులభముగా దొరకును. ఒక్క మార్గమునకు మాత్రమే పనికివచ్చు బండికి విడిభాగములను చేయుట ఎల్లప్పుడును ప్రత్యేకమైన పనియే. ఏకాకిగా నున్న యంత్రమునకు వార్ధక్యము త్వరగా వచ్చును.

ఐనను ఈ బండ్లను తొలగించినది యంత్రలోపము కాదు, వెడల్పు. సన్నని పట్టాలపై నిలుచు పెట్టె సన్నగానే యుండవలెను. మీటరుగేజి పెట్టె వెడల్పు సుమారు తొమ్మిదడుగులు. బ్రాడ్ గేజి స్థానిక రైలుపెట్టె వెడల్పు పన్నెండడుగులు. ఒకే పొడవు గల రెండు పెట్టెల నూహించినచో, రెండవదానిలో నేల వైశాల్యము మూడవ వంతు హెచ్చును. స్థానిక ప్రయాణమున కూర్చున్నవారికంటె నిలుచున్నవారే హెచ్చు గనుక, ఆ హెచ్చిన నేలయంతయు మనుష్యులకే. 1931లో క్రొత్త పేటలకు చాలిన బండి, లక్షల జనము పెరిగిన నగరమునకు చాలదయ్యెను. ఉదయము తొమ్మిది గంటలకు సైదాపేటలో ఎక్కజూచిన గుమాస్తాకు గేజి శాస్త్రము తెలియనక్కరలేదు. చేయి పట్టుకొనుటకు చోటు దొరకకుండుటయే ఆ శాస్త్రమంతయు.

దీనికి తోడు దేశవ్యాప్తమైన నిర్ణయ మొకటి వచ్చినది. 1992లో భారతీయ రైల్వేలు ఒకే గేజి విధానమును చేపట్టినవి. మీటరుగేజి మార్గముల నన్నిటిని క్రమముగా బ్రాడ్ గేజికి మార్చుట దాని లక్ష్యము. బెజవాడ నుండి వచ్చిన బండి ఆగక తిరుచినాపల్లికి పోవలెనన్నచో ఇది తప్పదు. ఐతే బీచి, తాంబరము మార్గమును మూసివేసి మార్చుటకు వీలులేదు. ఒక్కదినము ఆగినను నగరము స్తంభించును. కావున ప్రక్కనే బ్రాడ్ గేజి పట్టాలను వేసి, ప్లాట్‌ఫారములను సవరించి, తీగెల స్తంభములను మార్చి, కొంతకాలము రెండు జాతుల బండ్లను ప్రక్కప్రక్కనే నడపిరి. క్రొత్త బండ్లు హెచ్చిన కొలది పాతవి తగ్గినవి. 1996లో నగరము పేరు చెన్నై యయ్యెను. 2004 సంవత్సరము నడుమ మీటరుగేజి విద్యుత్ బండ్లు చివరిసారి నడచి, ఆ పట్టాల నుండి సెలవు గైకొన్నవి.

ఇందు మనకు తెలియునదేమి? ఆ బండి పోయినను, అది యేర్పరచిన క్రమము పోలేదు. స్టేషనులు అవియే. వాని చుట్టు పెరిగిన పేటలు అవియే. ఉదయము ఉత్తరమునకు, సాయంకాలము దక్షిణమునకు సాగు జనప్రవాహము నదియే. 1931లో స్థానిక బండ్లకు ప్రత్యేకముగా పట్టాల నుంచిన దూరదృష్టి యెంత విలువైనదో, ఇతర నగరములను చూచినచో బోధపడును. హైదరాబాదు, సికిందరాబాదుల నడుమ 2003 ఆగస్టులో స్థానిక విద్యుత్ రైళ్లు మొదలైనవి. అవి మొదటి నుండియు బ్రాడ్ గేజివి, క్రొత్తవి, విశాలమైనవి. కాని అవి యెక్కువ భాగము దూరపు రైళ్లతో పాటు అవే పట్టాలను పంచుకొనవలసి వచ్చినది. దూరపు బండి ఆలస్యమైనచో స్థానిక బండి గూడ ఆగును. ప్రయాణికుడు బండి అందమును మెచ్చుకొనును. కాని తన కాపురమును, పిల్లల చదువును, ఉద్యోగమును దానిపై ఆధారపరచుకొనుటకు అతడు చూచునది, ఆ బండి వేళకు వచ్చునా లేదా యను ఒక్క సంగతినే. మీటరుగేజి బండి సన్ననిదైనను ఆ నమ్మకమును కలిగింపగలిగినది. త్యాగరాయనగరము, కోడంబాకము, క్రోంపేట, తాంబరము ఆ నమ్మకముపై పెరిగిన పేటలు.

నేడు చెన్నై స్థానిక రైళ్లు ఉత్తరమున సూళ్లూరుపేట వరకు, అనగా ఆంధ్రప్రదేశము లోనికి వచ్చుచున్నవి. అవి వెడల్పైన బండ్లు. వానిలో ప్రయాణము చేయువారు, సెంట్రలులో దిగి పార్కు స్టేషనునకు దాటి, బీచి నుండి వచ్చు బండి నెక్కి, మాంబళము వరకు కిటికీ ప్రక్క కూర్చుండి చూడవచ్చును. స్టేషనునకు స్టేషనునకు నడుమ నున్న దూరము, ప్రక్కప్రక్కన సాగు పట్టాల వరుసలు, మార్గమును ఒరసికొని నిలిచిన యిండ్లు, ఇవి యన్నియు ఒక మీటరు వెడల్పు గల పట్టాలపై నడచిన బండి కొలతకు అమర్పబడినవి. పెద్ద బండి నేడు ఆ చిన్నబండి వేసిన దారిలోనే నడచుచున్నది.